అందరూ లేచి వరుసలోకి వెళ్తారు, నేనొక్కదాన్నే బెంచీలో ఉండిపోతాను

వెనుకవరుస:

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

నాకు పెళ్ళయి తొమ్మిదేళ్ళు. మావారు కతోలికులు (క్యాథలిక్). నేను వేరే క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగాను. పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నాను, ప్రతి నెలా మొదటి ఆదివారం బల్ల, అంటే ప్రభువు భోజనపు రొట్టె, ద్రాక్షరసం, తీసుకునేదాన్ని. పెళ్ళయ్యాక ఎక్కువగా వాళ్ళ గుడికే వెళ్తున్నాను. పూజ అలవాటైపోయింది, జవాబులన్నీ నోటికి వచ్చేశాయి. ఒక్క చోటే ఆగిపోతాను. పూజలో ఫాదర్ గారు పల్చటి గోధుమ అప్పాన్ని క్రీస్తు శరీరమని ఇస్తారు, అదే సత్ప్రసాదం. ఆ వేళకి బెంచీలో అందరూ లేస్తారు. నేను మోకాళ్ళు పక్కకు తిప్పి దారిస్తాను. ఒక్కొక్కరే నన్ను దాటుకుని వెళ్తారు, మళ్ళీ ఒక్కొక్కరే దాటుకుని వచ్చి కూర్చుంటారు. ఆ కాసేపూ ఎటు చూడాలో తెలియదు.

పోయిన వారం బంధువుల పెళ్ళిపూజకి వెళ్ళాం. గుడి నిండా జనం. వరుసలు సర్దుతున్న ఆయన మా బెంచీ దగ్గర నిలబడి నన్ను కూడా లేవమని చెయ్యి ఊపారు. వెనక నుంచి తోస్తున్నారు. కాదని చెప్పడానికి నోరు రాలేదు, లేచి నడిచాను. ముందున్నామెను చూసి నేనూ చేతులు చాపాను. ఫాదర్ గారు "క్రీస్తు శరీరం" అన్నారు. ఆమెన్ అనాలని తెలుసు. గొంతు పెగల్లేదు. ఆయన అప్పాన్ని అలాగే పట్టుకుని ఆగి, "కతోలికులేనా అమ్మా?" అని మెల్లగా అడిగారు. తల అడ్డంగా ఊపాను. చెయ్యెత్తి దీవించి పంపించారు. కసురుకోలేదు, పక్కవాళ్ళకి కూడా వినపడలేదు. కానీ చాపిన చేతుల్ని ఖాళీగా వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

అసలు విషయం ఇది. మా పాపకి ఎనిమిదేళ్ళు. రెండు నెలల్లో ప్రథమ సత్ప్రసాదం. మొన్న రాత్రి పడుకోబోతూ అడిగింది: "నేను తీసుకునే రోజు నువ్వు నా పక్కన ఉంటావా, బెంచీలోనే ఉంటావా?" ఏం చెప్పాలో తోచక దుప్పటి సర్దుతూ ఉండిపోయాను.

నేనూ యేసు ప్రభువునే నమ్ముతాను. నాకెందుకు ఇవ్వరు? తెలిసినవాళ్ళు చెప్పండి. నొచ్చుకోను.


ఉపదేశి:

అమ్మా, ముప్పై ఏళ్ళుగా పిల్లలకి జ్ఞానోపదేశం చెబుతున్నాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఒక మాట. ఆ రోజు మీరు తప్పేమీ చేయలేదు. ఆమెన్ అనలేక ఆగిపోయారు చూశారా, మీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

ఫాదర్ గారు "క్రీస్తు శరీరం" అన్నప్పుడు మనం అనే ఆమెన్ థాంక్స్ లాంటి మాట కాదు. "అవును, ఇది అదే" అని సాక్ష్యం చెప్పడం. అప్పం ఆకారం, రంగు, రుచి అలాగే ఉంటాయి, కానీ అది ఇక అప్పం కాదు, క్రీస్తే అని శ్రీసభ (కతోలిక సంఘం) నమ్మకం. ఈ మార్పుని 1215లో నాలుగో లాటరన్ మహాసభ, 1551లో ట్రెంట్ మహాసభ స్పష్టమైన మాటల్లో పెట్టాయి. మీ సంఘంలో బల్లను బహుశా జ్ఞాపకార్థంగానో, ఆత్మీయంగా ప్రభువు సన్నిధిగానో చూస్తారు. అదీ భక్తే. కానీ మేము అనేదీ మీరు అనేదీ ఒకటే అన్నట్టు మీ చేత ఆమెన్ అనిపిస్తే, మీ నోట మీ మనసులో లేని మాట పలికించినట్టవుతుంది.

ఇంకోటి కూడా ఉంది. పూజలో అప్పం, ద్రాక్షరసం క్రీస్తు శరీరరక్తాలయ్యే ఆ పెద్ద ప్రార్థనలో పోపుగారి పేరు, మా మేత్రాణుల (బిషప్పు) పేరు చెబుతారు, గమనించే ఉంటారు. ఎవరితో కలిసి ఈ బల్ల దగ్గర ఉన్నామో అక్కడ చెప్పుకుంటున్నాం. సత్ప్రసాదం తీసుకోవడమంటే క్రీస్తుతోనే కాదు, ఆ కుటుంబమంతటితోనూ ఏకమయ్యానని చెప్పడం. ఇది నిన్నా మొన్నా పెట్టిన కట్టుబాటు కాదు. సుమారు 155లో పునీత (సెయింట్) జస్టిన్, క్రైస్తవుల పూజ ఎలా ఉంటుందో రోమా చక్రవర్తికి వివరిస్తూ, మా బోధను నమ్మి, జ్ఞానస్నానం (మీరు బాప్తిస్మం అనేదే) పొంది, క్రీస్తు చెప్పినట్టు బతికేవారే దీన్ని తీసుకుంటారని రాశాడు.

మీ బాప్తిస్మం మాత్రం మాకు పరాయిది కాదు. నీటితో, పిత పుత్ర పవిత్రాత్మ నామమున జరిగి ఉంటే అది చెల్లుతుంది. రేపెప్పుడైనా మీరు కతోలిక శ్రీసభలో చేరాలనుకున్నా మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వరు.


తెరచినకిటికీ:

ఉపదేశి గారూ, మీ జ్ఞానం మీద గౌరవం ఉంది. అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు. నేను కతోలికుడినే, చిన్నప్పుడు పీఠ బాలకుడిగా, పూజలో ఫాదర్ గారికి సాయం చేసే పిల్లాడిగా, సేవ చేసినవాడినే.

యేసు సుంకరులతో, అంటే జనం చీదరించుకునే పన్ను వసూలుదారులతో, కూర్చుని తిన్నాడు. తనని అప్పగించబోయే యూదా ఉన్న బల్ల దగ్గరే రొట్టె విరిచాడు. పేతురు తనని ఎరగనంటాడని తెలిసీ ఇచ్చాడు. ఎవరి విశ్వాసం ఎంత కచ్చితంగా ఉందో కొలిచి ఇవ్వలేదు. మా బెంచీల్లో కూర్చున్న కతోలికుల్ని లేపి "ఇది నిజంగా క్రీస్తు శరీరమేనా?" అని అడిగితే ఎంతమంది తడుముకోకుండా జవాబు చెప్తారు? వాళ్ళకి ఇస్తున్నాం. తొమ్మిదేళ్ళుగా భర్తతో, పాపతో పూజకి వచ్చే ఈ అక్కకి మాత్రం లేదంటున్నాం. ఒకే ఇంట్లో ఒకే కంచంలో తినేవాళ్ళని ప్రభువు బల్ల దగ్గర విడదీస్తున్నామంటే నాకు బాధగా ఉంది.


నదిఒడ్డు:

వెనుకవరుస గారూ, నాదీ మీ కథే. ఇరవై రెండేళ్ళుగా అదే బెంచీ. మొదట్లో నేనూ తల దించుకుని కూర్చునేదాన్ని. తర్వాత ఒక ఫాదర్ గారు చెప్పారు, వరుసలో వచ్చి రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకోండి, దీవిస్తాను అని. అప్పటి నుంచి అలాగే వెళ్తున్నాను. ఒక్క మాట ముందే చెప్తాను. ఇది పూజ గ్రంథంలో రాసిన పద్ధతి కాదు. కొన్ని గుళ్ళలో చేస్తారు, కొందరు గురువులు ఒప్పుకోరు, ఎలాగూ పూజ చివర అందరికీ దీవెన ఉంది కదా అంటారు. కొత్త చోటికి వెళ్తే ముందే అడగండి.

బెంచీలో కూర్చోవడం కూడా ఊరికే కూర్చోవడం కాదని నాకు నెమ్మదిగా అర్థమైంది. వెళ్ళేవాళ్ళ ముఖాలు, వచ్చేవాళ్ళ ముఖాలు చూస్తాను. వాళ్ళలో ఎవరికి ఏ కష్టముందో నాకు తెలిసినంత వరకు ఒక్కొక్కరి కోసం ప్రార్థన చేస్తాను. గుడిలో ఆ పని చేయడానికి తీరిక ఉండేది నాకే.


ఉపదేశి:

కిటికీ తమ్ముడూ, నువ్వడిగింది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. తడుముకునే కతోలికుల మాటకొస్తే, ఆ నింద మాలాంటి ఉపదేశకులదే ముందు.

అయితే యోహాను సువార్త ఆరో అధ్యాయం మళ్ళీ చదువు. "నా శరీరాన్ని తినాలి" అన్నప్పుడు చాలామంది శిష్యులు ఇది కఠినమైన మాట అని వెళ్ళిపోయారు. ప్రభువు వాళ్ళని ఆపడానికి మాట మార్చలేదు, మెత్తన చేయలేదు. పన్నెండుగురినీ "మీరు కూడా వెళ్ళిపోతారా?" అని అడిగాడు. సుంకరులతో ఆయన తిన్న భోజనాలు పిలుపు. కడరాత్రి భోజనం నిబంధన, అంటే దేవుడితో ఒడంబడిక. పౌలు కూడా కొరింతీయులకి రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయంలో, అయోగ్యంగా తినేవాడు ప్రభువు శరీరరక్తాల విషయంలో దోషి అవుతాడు, ప్రతివాడూ తనని తాను పరీక్షించుకోవాలి అన్నాడు. ఆ వాక్యం ముందు మాలాంటివాళ్ళం వణకాలి, ఇతరుల మీద ఎక్కుపెట్టడానికి కాదు.

తలుపు పూర్తిగా మూసేశారని కూడా అనుకోకు. శ్రీసభ చట్టం 844వ నిబంధన ఉంది. ఆర్తడాక్సు సభలవారు తమంతట తాము అడిగితే, తగిన సిద్ధపాటుతో ఉంటే వారికి ఇవ్వవచ్చు. మిగతా జ్ఞానస్నానం పొందినవారికి ప్రాణాపాయంలోనో, మేత్రాణులు గుర్తించిన మరో తీవ్రమైన అవసరంలోనో ఇవ్వవచ్చు. అదీ తమ బోధకుడు అందుబాటులో లేనప్పుడు, తామే అడిగితే, ఈ సంస్కారం (సత్ప్రసాదం) విషయంలో కతోలిక విశ్వాసాన్ని చూపితే. మిశ్రమ వివాహాల్లో కూడా ఇది అరుదుగా జరిగేదే, ప్రతి ఆదివారానికీ కాదు.

అమ్మా, మీ ప్రశ్నే ఒకామె పోపుగారిని అడిగింది. 2015 నవంబరు 15న పోపు ఫ్రాన్సిస్ రోములోని లూథరన్ (ఒక ప్రొటెస్టంట్ సంఘం) గుడికి వెళ్ళినప్పుడు, కతోలిక భర్త ఉన్న ఒక లూథరన్ ఇల్లాలు లేచి, మేమిద్దరం ఎప్పటికి కలిసి తీసుకోగలం అని అడిగింది. ఆయన చాలాసేపు తడబడుతూనే మాట్లాడారు. అనుమతి ఇవ్వడం తన చేతిలో లేదన్నారు. మనకి ఒకే జ్ఞానస్నానం, ఒకే ప్రభువు, ఒకే విశ్వాసం అన్నారు. ప్రభువుతో మాట్లాడి ముందుకు సాగండి, ఇంతకు మించి చెప్పడానికి నాకు ధైర్యం లేదు అని ఆపేశారు. దాన్ని అనుమతి అని కొందరు, కాదు అని కొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నేనైతే దాన్ని అనుమతి అనను. కానీ పోపుగారే తడబడిన చోట నేను గడగడా చెప్పేయడం సబబు కాదు.


రెండోగడప:

ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. బెంచీలో కూర్చున్నవాళ్ళంతా వేరే సంఘంవాళ్ళే అనుకోకండి. నేను పుట్టు కతోలికురాలిని. ఆరేళ్ళయింది సత్ప్రసాదం తీసుకుని.

నా మొదటి పెళ్ళి గుడిలో జరిగింది, నాలుగేళ్ళలో చెడింది. తర్వాత రిజిస్టరు పెళ్ళి చేసుకున్నాను. ఈయన మంచివారు, ఇద్దరు పిల్లలు. విడాకులైనంత మాత్రాన సత్ప్రసాదం ఆగిపోదని చాలామందికి తెలియదు. విడిపోయి ఒంటరిగా ఉన్నవాళ్ళు నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. ఆ సంగతి తెలియక మా చుట్టాలామె అనవసరంగా ఎన్నో ఏళ్ళు మానేసింది. చిక్కు రెండో పెళ్ళితోనే, మొదటి వివాహం చెల్లలేదని శ్రీసభ న్యాయస్థానం తేల్చనంత వరకు.

1981లో పోపు రెండో జాన్ పాల్ రాసిన పత్రంలో ఒక మాట ఉంది, ఇలాంటివాళ్ళం శ్రీసభ నుంచి విడిపోయినవాళ్ళం కాదని. 2016లో పోపు ఫ్రాన్సిస్ కుటుంబం మీద రాసిన పత్రం ఎనిమిదో అధ్యాయంలో, ఒక్కొక్కరి పరిస్థితినీ విడిగా చూడాలి, గురువు పక్కన నడవాలి, కొన్ని సందర్భాల్లో సంస్కారాల సాయం కూడా ఉండవచ్చు అన్నారు. ఆ రెండు పత్రాలూ నేను పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివాను. మా ఫాదర్ గారి దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆయన తొందరపెట్టలేదు. కేసు వేయమన్నారు. 2015లో ఆ విధానాన్ని సులువు చేశారు, రెండో న్యాయస్థానం మళ్ళీ ఖాయం చేయాలన్న తప్పనిసరి తీసేశారు. కాగితాలు పెట్టి ఏడు నెలలైంది.

ఈలోగా ప్రతి ఆదివారం ఆధ్యాత్మిక సత్ప్రసాద స్వీకారం చేస్తున్నాను. వెనుకవరుస గారూ, ఇది మీకూ పనికొస్తుంది. నిన్ను ఇప్పుడు ఈ రూపంలో తీసుకోలేకపోతున్నాను, నువ్వే నా మనసులోకి రా అని అడగడం. పునీత తోమా అక్వినాస్ దీని గురించి రాశారు, పునీత అల్ఫోన్సుస్ లిగోరి రాసిన చిన్న ప్రార్థన చాలామందికి కంఠతా వచ్చు. మొదట్లో అది ఓదార్పు మాట అనుకున్నాను. ఇప్పుడు ఆకలి అంటే ఏమిటో నేర్పుతున్నది అదే.

ఒకటి మాత్రం అందరికీ చెప్పాలని ఉంది. ఎవరైనా లేవకుండా కూర్చుంటే వెనక్కి తిరిగి చూడకండి. పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) కుదరక కూర్చుని ఉండొచ్చు, సత్ప్రసాదానికి ముందు ఉండాల్సిన గంట ఉపవాసం తప్పి ఉండొచ్చు. ప్రతి పూజలో తీసుకు తీరాలని లేదు, కనీసం ఏడాదికి ఒకసారి పాస్కా (ఈస్టర్) కాలంలో తీసుకోవాలన్నదే శ్రీసభ విధి. అందరూ లేస్తున్నారు కదా అని పాపభారంతో లేవడం కంటే కూర్చోవడమే దేవుడికి మర్యాద.


తెరచినకిటికీ:

అక్కా, మీరు రాసింది చదివాక కాసేపు ఏమీ టైపు చేయలేకపోయాను. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. కానీ కూర్చోవడంలో ఇంత ప్రార్థన ఉంటుందని నాకు తట్టలేదు.


వెనుకవరుస:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఇంట్లో మావారికి కూడా చదివి వినిపించాను. ఆయన "ఇన్నేళ్ళూ నీకు అలవాటైపోయిందనుకున్నాను" అన్నారు. అడగలేదన్నమాట, నేనూ చెప్పలేదు.

ఇక పాప సంగతి. మా అత్తగారు అప్పం పళ్ళకి తగలకూడదు, నమలకూడదు, నాలుక మీదే కరిగించుకోవాలి అంటున్నారు. క్లాసులో సిస్టర్ గారు చేతిలో తీసుకోవడం నేర్పిస్తున్నారు. పాపకి టెన్షన్ పట్టుకుంది, కింద పడిపోతే ఎలా అని. నిజంగా పడితే ఏం చేస్తారు?


పీఠసహాయకుడు:

నేను మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, సత్ప్రసాదం పంచే సహాయకుణ్ణి, పదకొండేళ్ళుగా. నా ముందుకి రోజూ ఎన్నో చేతులు వస్తాయి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

నమలకూడదని నియమం ఎక్కడా లేదు. "తీసుకుని తినండి" అనే కదా ప్రభువు అన్నాడు. మీ అత్తగారిది భక్తితో వచ్చిన అలవాటు, ఆమెని కాదనకండి. పాపకి మాత్రం భయం పెట్టకండి.

చేతిలో తీసుకోవాలంటే ఎడమ అరచేతిని కుడిచేతి మీద చదునుగా, గుండె ఎత్తులో పెట్టాలి. వేళ్ళు దగ్గరగా. పిల్లలు చేసే తప్పేమిటంటే, దోసిలి పడతారు, లేకపోతే వేళ్ళతో లాక్కోబోతారు. అందుకోవడమే గానీ లాక్కోవడం కాదు ఇది. ఆమెన్ అన్నాక ఒక అడుగు పక్కకి జరిగి అక్కడే, మా కళ్ళ ముందే నోట్లో పెట్టుకోవాలి. పట్టుకుని బెంచీ దాకా నడవకూడదు, తమ్ముడికో చెల్లికో ఇవ్వకూడదు. తర్వాత అరచేతిలో పొడి మిగిలిందేమో చూసుకోవాలి. నాలుగో శతాబ్దంలో యెరూషలేము పునీత సిరిల్ కొత్తగా జ్ఞానస్నానం పొందినవాళ్ళకి ఇదే చెప్పాడు. రాజు వస్తున్నాడు కాబట్టి ఒక చేతిని ఇంకో చేతికి సింహాసనం చెయ్యండి, ఎవరైనా బంగారు పొడి ఇస్తే ఎంత జాగ్రత్తగా పట్టుకుంటారు, దీన్ని అంతకన్నా జాగ్రత్తగా పట్టుకోండి అని.

తర్వాతి కాలంలో నాలుక మీద ఇవ్వడమే పద్ధతి అయింది. 1969లో రోము (పోపుగారి కార్యాలయం), ఆయా దేశాల మేత్రాణుల సంఘాలు అడిగిన చోట చేతిలో ఇవ్వడానికి ఒప్పుకుంది. నాలుక మీద తీసుకునే హక్కు మాత్రం ఎక్కడైనా, ఎప్పుడూ ఉంటుంది. మోకరించి అడిగినవాళ్ళకి కూడా లేదనకూడదు. పాపకి ఏది తేలికో అదే చేయనివ్వండి.

పడితే? పడుతుంది. నా చేతి మీదుగానే పడింది. ఒక చిన్నబాబు సరిగ్గా నేను పెడుతున్నప్పుడు తుమ్మాడు. అప్పం ఎగిరి నా బూటు పక్కన పడింది. వాడి ముఖం తెల్లబోయింది. నేను వంగి తీసి నేనే నోట్లో వేసుకున్నాను. వాడికి ఇంకొకటి ఇచ్చాను. పడిన చోట తెల్లగుడ్డ పరిచి, పూజయ్యాక నీళ్ళతో తుడిచాం. ఆ నీళ్ళు మామూలు తూములో పోయం. పూజ సామగ్రి గదిలో నేరుగా భూమిలోకి వెళ్ళే ప్రత్యేకమైన తొట్టి ఉంటుంది, అందులో పోస్తాం. పూజయ్యాక ఆ బాబు నా దగ్గరికొచ్చి "ఆయనకి దెబ్బ తగిలిందా అంకుల్?" అని అడిగాడు. పదకొండేళ్ళలో సత్ప్రసాదం గురించి అంత నమ్మకంతో ఎవరూ నాతో మాట్లాడలేదు.

క్లాసులో పూజకు వాడని మామూలు అప్పాన్ని ముందే ఒకసారి రుచి చూపించమనండి. పల్చగా, చప్పగా ఉంటుంది, నాలుకకి అతుక్కుంటుంది. ఆ రోజు కొత్తగా అనిపించి ముఖం చిట్లించకుండా ఉంటారు.


చిన్నిఅడుగులు:

ఇక్కడే అడుగుతున్నాను, ఏమనుకోకండి. మా బాబుకి సీలియాక్ జబ్బు. గోధుమ రవ్వంత తగిలినా కడుపునొప్పితో మెలికలు తిరుగుతాడు. వాడికీ వచ్చే ఏడాది ప్రథమ సత్ప్రసాదం. గోధుమ లేని అప్పం వాడొచ్చా?


పీఠసహాయకుడు:

అమ్మా, గోధుమ అసలే లేని అప్పం చెల్లదు. బియ్యంతోనో మరోదాంతోనో చేసింది కుదరదు. అయితే గ్లూటెన్ (గోధుమలో ఉండే, ఈ జబ్బువాళ్ళకి పడని జిగురు పదార్థం) చాలా తక్కువగా ఉండే గోధుమ అప్పాలు ఉన్నాయి. 2003లో రోము ఈ విషయం స్పష్టంగా రాసింది, 2017లో మళ్ళీ గుర్తు చేసింది. డాక్టరుగారు అదీ వద్దంటే బాబు ద్రాక్షరసం రూపంలో మాత్రమే తీసుకోవచ్చు. ఏ ఒక్క రూపంలోనైనా క్రీస్తు సంపూర్ణంగా ఉంటాడు, సగం తీసుకున్నట్టు కాదు. అప్పం ముక్క వేసిన పాత్ర మాత్రం వద్దు, వాడికి విడిగా చిన్న పాత్ర పెట్టమని చెప్పండి. తక్కువ గ్లూటెన్ అప్పమైతే విడి డబ్బీలో ఉండాలి, మిగతా అప్పాలు ముట్టిన వేళ్ళతో దాన్ని తీయకూడదు. పూజకి పది నిమిషాల ముందు కాదు, కొన్ని వారాల ముందే ఫాదర్ గారితో మాట్లాడండి. ఎవరికీ భారం అనుకోకండి, అది వాడి హక్కు.


పాతజపమాల:

నాకు ఎనభై దాటాయి. మనవరాలు టైపు చేస్తోంది.

మా చిన్నతనంలో సత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా తాగకూడదు. పళ్ళు తోముకునేటప్పుడు నీళ్ళు మింగానేమోనని భయపడి ఒకసారి వరుసలోంచి వెనక్కి వచ్చేశాను. 1953లో పోపు పన్నెండో పయస్ నీళ్ళు తాగితే ఉపవాసం చెడదన్నారు. 1957లో మూడు గంటలు చేశారు. 1964లో ఆరో పౌలు గంటకు తగ్గించారు. పూజ మొదలుకి గంట కాదు, సత్ప్రసాదం తీసుకునే వేళకి గంట. మందులకీ నీళ్ళకీ అడ్డు లేదు. మాలాంటి ముసలివాళ్ళకి, జబ్బుపడినవాళ్ళకి, వాళ్ళని చూసుకునేవాళ్ళకి ఆ గంట కూడా పట్టింపు లేదు. సులువైంది, మంచిదే. కానీ ఆ ఖాళీ కడుపుతో గుడికి నడిచి వెళ్ళినప్పుడు ఎవరి కోసం వెళ్తున్నానో ఒళ్ళంతటికీ తెలిసేది.

మా అమ్మ కాలంలో పిల్లలు పదీ పన్నెండేళ్ళ దాకా ఆగేవారట. 1910లో పదో పయస్ పోపుగారు, మామూలు అప్పానికీ దీనికీ తేడా తెలిస్తే చాలు, సుమారు ఏడేళ్ళకే ఇవ్వండి అన్నారు. నీ కూతురికి ఆ తేడా తెలుసు తల్లీ. నువ్వు పక్కన ఉంటావా అని అడిగిందంటేనే తెలుసు.

వియత్నాంలో న్గుయెన్ వాన్ తువాన్ అనే మేత్రాణుల్ని 1975లో పట్టుకుని పదమూడేళ్ళు నిర్బంధించారు, అందులో తొమ్మిదేళ్ళు ఒంటరి గదిలో. ఆయన అరచేతిలో మూడు చుక్కల ద్రాక్షరసం, ఒక చుక్క నీళ్ళు పోసుకుని పూజ చేసేవారు. మంచం దిగలేని రోజుల్లో ఆయన్ని తలుచుకుంటాను. అరచెయ్యంత చోటు చాలు.


పీఠసహాయకుడు:

అమ్మమ్మ గారు చెప్పాక ఇదీ రాయాలనిపించింది. నెలకోసారి మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి సత్ప్రసాదం తీసుకెళ్తాను. పోయిన చలికాలంలో ఒక పెద్దాయన, మింగలేని స్థితి. అప్పంలో గోరంత ముక్క తుంచి, చెంచాడు నీళ్ళలో వేసి పెదాలకి ఆనించాను. క్రీస్తు ఆ ముక్కలోనూ సంపూర్ణంగానే ఉంటాడు. మింగడానికి చాలాసేపు పట్టింది. గొంతు కదిలే దాకా ఆయన భార్య, నేను ఊపిరి బిగబట్టి చూశాం. చివరి ఘడియల్లో ఇచ్చే సత్ప్రసాదానికి లాటిన్‌లో ఉన్న పేరుకి అర్థం ప్రయాణపు సద్దిమూట అని. ఆయన రెండు రోజులకి వెళ్ళిపోయారు. ఆమె కతోలికురాలు కాదు. ఆ రోజు చెంచా పట్టుకున్నది మాత్రం ఆమే, నా చెయ్యి వణికితే.


వెనుకవరుస (రెండు నెలల తర్వాత):

ఎలా జరిగిందో చెప్పాలి కదా.

ముందుగానే ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళాను. పెళ్ళిపూజలో జరిగింది కూడా చెప్పాను. ఆయన విని, తల్లిదండ్రులిద్దరూ పిల్లల వెనకే నడిచి రావాలని ఈసారి పెట్టారు, పిల్లలందరికీ. మీరు చేతులు అడ్డంగా పెట్టుకోండి, నేను చూసుకుంటాను అన్నారు.

ఆ రోజు సత్ప్రసాదానికి ముందు అందరూ కలిసి చెప్పే మాట ఉంటుంది కదా, ప్రభువా, నువ్వు నాలోకి రావడానికి నేను పాత్రుణ్ణి కాను, ఒక్క మాట చాలు అని. తొమ్మిదేళ్ళుగా చెప్తున్నాను. ఆ రోజే వినపడింది. లేచి వెళ్ళబోయే ప్రతి ఒక్కరూ కాను అని చెప్పి లేస్తున్నారు. నాకొక్కదానికే యోగ్యత లేదని ఇన్నాళ్ళూ ఎందుకనుకున్నానో.

పాప భుజం మీద చెయ్యి వేసి నడిచాను. ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద, నెల రోజులు ప్రాక్టీసు చేసింది. "ఆమెన్" అని గుడంతా వినపడేలా అంది. పక్కకి జరిగి నోట్లో పెట్టుకుని, అరచేతిని ముఖం దగ్గరికి తెచ్చుకుని పొడి ఉందేమో వెతికింది. తర్వాత నేను చేతులు అడ్డం పెట్టుకున్నాను. ఫాదర్ గారు నుదుటి మీద సిలువ గురుతు వేశారు. బెంచీకి వచ్చాక పాప మోకరించి చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక నా చెవిలో "ఇంకా అంగిట్లో అతుక్కుని ఉందమ్మా" అంది.

బుధవారం సాయంత్రాలు ఫాదర్ గారి దగ్గర పెద్దవాళ్ళకి చెప్పే తరగతికి వెళ్తున్నాను. చేరతానని మాట ఇవ్వలేదు, ఆయన అడగనూ లేదు. నన్ను వెనక్కి లాగేది ఒకటి ఉంది. ఇటు ఆమెన్ అంటే మా సంఘంలో బల్ల విడిచిపెట్టాలి. మా నాన్న నీళ్ళలోకి దింపి బాప్తిస్మం ఇప్పించిన చోటు అది. అది చిన్న విషయం కాదు నాకు.

మొన్న మొదటి ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్ళాం. మావారు, పాప కూడా మా గుడికి వచ్చారు. పాస్టరుగారు బల్లకి పిలిచారు. నేను లేచాను. మావారు లేవలేదు, పాపా ఆయన పక్కనే కూర్చుంది. ఈసారి మోకాళ్ళు పక్కకు తిప్పి నాకు దారిచ్చింది ఆయన.